పంతొమ్మిది మంది పాఠకులు

ఆ చిన్న గ్రంథాలయంలో పాఠకులు వెళ్లిపోయేటప్పుడు వరండాలోని రిజిస్టరులో సంతకం పెడతారు. అక్కడి పద్ధతి అది. రాత్రి ఎనిమిదికి లైబ్రేరియన్ నసీమా సంతకాలు లెక్కపెట్టింది. పంతొమ్మిది. ఖాళీ గదిని ఫోటో తీసి, లైట్లు ఆర్పి, తలుపుకు తాళం వేసింది. కొత్తగా నేర్చుకున్నట్టే ఫోటోనూ అంకెనూ గ్రంథాలయం ఆన్‌లైన్ పేజీలో పెట్టింది.

వెంటనే మార్కాపురం నుంచి శిల్ప ఫోన్ చేసింది. నసీమాకు ఈ పనులు నేర్పుతున్నది ఆ పిల్లే.

"అక్కా, మూల కుర్చీలో పెద్దాయన ఇంకా పేపరు చదువుతుండాడే. అప్పుడే పోస్టు పెట్టినావేంది?"

"ఎవరూ లేరమ్మా! నేనే తాళం వేసినా."

నసీమా ఫోనులో చూసింది. కుర్చీలన్నీ ఖాళీగానే ఉన్నాయి. తనే ఏదో తప్పు నొక్కి ఉంటుందనుకుని పోస్టు తీసేసింది. ఇంటికి వెళ్లే త్రిపురాంతకం బస్సుకు ఇంకా టైముంది. వరండాలోనే నిలబడి కిటికీలోంచి టార్చి వేసి మరో ఫోటో తీసి పెట్టింది.

"ఇప్పుడు సరిగ్గా వచ్చిందక్కా. ఆయన లేడు. ఎంతమందో రాయడం మర్చిపోయినావు, చూడు."

నసీమా రిజిస్టరు వైపు తిరిగింది. గాలి లేదు. దారంతో కట్టిన పెన్ను మాత్రం ఊగుతోంది. సంతకాలు మళ్లీ లెక్కపెట్టింది. ఇరవై. చివరిది ఇంకా తడి ఆరలేదు.

సంతకం పెట్టిన మనిషి ఇక లోపల ఉండడు.