సీసాలో మిగిలిన ముక్క

అక్క కొడుకు పుట్టి తొమ్మిది రోజులైంది. సాయంత్రం వాడి పేగులోంచి తీసిన ముక్కలో కొంత గడ్డకట్టించి, పల్చగా కోసి, రాత్రి మూడు కావస్తుండగా ల్యాబులో ఒక్కదాన్నే మైక్రోస్కోపు కింద వెతుకుతున్నాను. పేగుని కదిలించే నరాల కణం ఒక్కటి కనబడితే చాలు. ఒక్కటీ లేదు. అంటే ఈ పేగు కదలదు.

తలెత్తాను. సీసాలో, మందునీళ్ళలో మిగిలిన ముక్క పిడికిలిలా బిగుసుకుని, మెల్లగా వదులైంది.

ఫోన్ మోగింది. పై అంతస్తు వార్డులోంచి అక్క.

"మళ్ళీ గుక్కపట్టాడే. మెలికలు తిరిగిపోతున్నాడు."

"నర్సుని పిలువక్కా," అన్నాను.

ముక్క మళ్ళీ బిగుసుకుంది. ఫోన్ మళ్ళీ మోగింది.

అప్పుడు గుర్తొచ్చింది. అదే పేగులో ఇంకో ముక్కని నా చేతులతోనే పక్కగదిలో, ముక్కల్ని మైనంలో నానబెట్టే యంత్రంలో పెట్టాను. మూడింటికి దాని మీదికి కరిగిన వేడి మైనం వస్తుంది.

పరిగెత్తాను. ఒకసారి మొదలైతే తెల్లవారేదాకా ఆ యంత్రం తలుపు తెరుచుకోదు. అయినా లాగాను, గుద్దాను. ప్లగ్గు పీకేశాను. లోపలి బ్యాటరీ అందుకుంది.

మూడైంది. మైనం బుడబుడమంటూ లోపలికి ఎక్కింది.

ఈసారి ఫోన్ అక్కర్లేకపోయింది. పై అంతస్తు నుంచే వినబడింది.