మంచులో తోడు

"తమ్మున్ని పొట్టనవెట్టుకున్నోని తాన్నే నేర్సుకోను పోతవా బిడ్డా?" అంది తల్లి చంద్రవ్వ.

"పోత అవ్వా. సాయికిరణ్‌ను యాడ ఇడిసిండో, ఆయనను గాన్నే ఇడిసొస్త," అని సిరిసిల్లలో బస్సెక్కింది లావణ్య.

కోరుట్లలో శ్యాంసుందర్ కొండలెక్కడం నేర్పిస్తాడు. నిరుడు హిమాలయాలకు తీసుకెళ్లిన సాయికిరణ్‌ను మంచులో వదిలేసి తానొక్కడే దిగొచ్చాడు. 'నా మాట వినక వేరే దారిన పోయాడు' అని చేతులు దులుపుకున్నాడు. శవానికేమో కాలు విరిగి ఉంది. విరిగిన కాలుతో ఏ దారిన పోతాడు? అడిగే నాథుడు లేడు. ఆ మహానుభావుడు చనిపోయినవాడి ఇంటికొచ్చి పలకరించిన పాపాన పోలేదు. అందుకే లావణ్యను గుర్తుపట్టలేదు.

ఆమె కసిగా నేర్చుకుంది. గుట్టల మీద మ్యాపు చూసి దారి పట్టడం నేర్చుకుంది. జారితే ఐస్ యాక్స్ అనే చిన్న గొడ్డలిని మంచులో దింపి ఆగడం ఇసుక కుప్ప మీద నేర్చుకుంది. దెబ్బ తగిలినవాళ్లను వదిలిపోవద్దని సార్ పాఠం చెబుతుంటే పళ్లు నూరుకుంటూ తలూపింది.

"నా శిష్యుల్ల నువ్వే ఫస్టు," అని మురిసిపోయాడు సార్.

చలికాలం వచ్చింది. మళ్లీ అదే కొండ. మిగతావాళ్లు ఆయాసపడి క్యాంపులోనే ఆగిపోయారు. ఇద్దరే పైకెళ్లారు. సాయికిరణ్ శవం దొరికిన చోటికి చేరేసరికి పొగమంచు కమ్మేసింది. ఉత్తరాన క్యాంపు, దక్షిణాన లోయ. ఏది ఎటో కనబడదు. సార్ దారి చూసుకునే ఫోను చలికి ఆరిపోయింది.

అప్పుడే లావణ్య జారి కూలబడింది.

"సార్, కాలు ఇరిగింది. లేవస్తలేదు."

శ్యాంసుందర్ భయంగా చుట్టూ చూశాడు. చీకటి పడితే గడ్డకట్టుకుపోవడమే.

"క్యాంపు ఉత్తరానికే గదా? నీ కంపాస్ ఇటియ్యి."

"నన్ను ఇడిసి పోకుర్రి సార్. సంచిల పట్టా ఉంది. కప్పుకోని తెల్లారెదాంక ఈన్నే కూసుందాం. మీ కాల్మొక్త," అని బతిమాలింది. నిజంగానే బతిమాలింది.

"మనుషుల్ని తోల్కొస్త," అంటూ ఆమె మెడలోని కంపాస్ లాక్కుని, దాని ముల్లు చూసుకుంటూ వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

అతను మంచులో కలిసిపోయాక లావణ్య రెండు కాళ్ల మీదా లేచి, జేబులోంచి మరో కంపాస్ తీసి క్యాంపు దారి పట్టింది. సార్ లాక్కెళ్లినదానికి ఆమె సిరిసిల్లలోనే అయస్కాంతం రాసి, ఉత్తరమని లోయ వైపు చూపేలా ముల్లును తిప్పేసింది.