నాలుక కింద ఏముంది?

"నోరు తెరవండి!"

మైకు తెరవలేదు. వంటగదిలో స్టూలు మీద బుద్ధిమంతుడిలా కూర్చుని, పెదాలు బిగించి తల అడ్డంగా ఊపాడు.

అతని భార్య కంగారుపడింది. పాలగిన్నె స్టవ్వు మీద పెట్టి మొగుడి ముందుకొచ్చి నిలబడింది. ఈ కూర్చోవడం ఆమెకు బాగా తెలుసు. రోజూ పొద్దున్నే నాలుక కింద మాత్ర పెట్టుకుని, అది కరిగేదాకా మాట్లాడకుండా ఇలాగే కూర్చునేవాడు. కానీ ఆ మాత్రని నిన్నటితో ఆపేశారు కదా!

అతను కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడే మనిషి. మైకు అన్నది అక్కడివాళ్ళు పెట్టిన పేరు. నడుం ఆపరేషన్ అయ్యాక వేసుకున్న నొప్పి మాత్రలు, నొప్పి పోయినా అతన్ని వదల్లేదు. ఆ అలవాటు వదిలించడానికి ఇచ్చిందే ఈ నాలుక కింది మాత్ర. దీన్ని కూడా ఒక్కసారిగా మానకూడదని డాక్టరు ఏడాది పైగా కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చారు. పెద్ద మాత్ర చిన్నదైంది, చిన్నది సగమైంది, సగం పావైంది. నిన్న ఆ పావు కూడా అక్కర్లేదన్నారు. ఇంటిల్లిపాదీ ఎగిరి గంతేశారు.

"పాత ముక్క ఏదైనా దాచుకున్నారా? నిజం చెప్పండి."

మైకు ఎదురుగా ఉన్న స్టూలు చూపించాడు. గోడ గడియారం చూపించాడు. ఆ తర్వాత తన చెవి పట్టుకున్నాడు.

"చెవి పట్టుకుంటున్నారంటే తప్పు చేసినట్టేగా! అత్తయ్యా! ఒకసారి ఇటు రండి!"

అత్తగారు తలకు చుట్టుకున్న తువ్వాలుతోనే పరుగెత్తుకొచ్చింది. విషయం విని కొడుకుని ఎగాదిగా చూసింది.

"ఇందాకట్నుంచీ మాట్లాడలేదా? వీడా? అయితే నోట్లో ఏదో ఉన్నట్టే. ఊరికే నోరు మూసుకునే రకమైతే వీణ్ణి నేను కనలేదనుకో."

మాట నిజమే. టీ తాగుతారా అని అడిగితే, "అరకప్పు ఒకటోసారి, ముప్పావు రెండోసారి" అని ఇంట్లో కూడా పాట ఎత్తుకునేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో భార్య మొదలుపెట్టిన మాట చివరిదాకా వెళ్ళిందంటే ఆ మాత్ర పుణ్యమే. అది కరిగేలోపు తను పనిచేసే కుట్టు యూనిట్లో ముచ్చట్లూ, సూపర్‌వైజరు మీద చాడీలూ గుక్క తిప్పుకోకుండా చెప్పేసేది. మాత్ర చిన్నదవుతున్నకొద్దీ ఆమె కబుర్లూ కురచవుతూ వచ్చాయి. నిన్న అంత సంతోషంలోనూ ఆ సంగతి గుర్తొచ్చి మనసు చివుక్కుమంటే, ఇదేం బుద్ధే అని తనని తానే తిట్టుకుంది.

"ముక్కు మూయవే అమ్మాయ్! చిన్నప్పుడు మందు అలాగే పోసేదాన్ని," అంది అత్తగారు.

కోడలు ముక్కు మూసింది. అత్తగారు గడ్డం పట్టి లాగింది. మైకు గింజుకుని ముక్కు విడిపించుకున్నాడు. చక్కిలిగిలి పెట్టారు. మెలికలు తిరిగిపోయాడు, స్టూలుతో సహా గిర్రున తిరిగాడు, కళ్ళమ్మట నీళ్ళు కారాయి. పెదాలు మాత్రం విడివడలేదు. అత్తగారికి నవ్వాగలేదు. "ఇదేం పట్టురా నాయనా!" అంటూ పొట్ట పట్టుకుని నేల మీద కూలబడింది. కోడలికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే భయపడింది.

"ఆఖరిసారి అడుగుతున్నా. తెరుస్తారా, లేదా? ఒకటోసారి... రెండోసారి..."

మైకు పాట పెంచే వ్యాపారిలా చెయ్యెత్తాడు.

"చూశారా అత్తయ్యా, పైగా వేళాకోళం!"

అంతలో పాలు పొంగి స్టవ్వంతా పారాయి. మైకు అటు చేత్తో చూపించాడే తప్ప అరవలేదు. ఆమె స్టవ్వు కట్టేసి, వచ్చి ఎదుటి స్టూలు మీద చతికిలబడింది. ఇల్లు తగలబడినా ఈయన నోరు విప్పడని తేలిపోయింది.

"ఏమండీ, మళ్ళీ కావాలనిపిస్తే చెప్పండి. సిగ్గుపడాల్సిన పని లేదు, అవసరమైతే మళ్ళీ మొదలుపెడదామని డాక్టరుగారే అన్నారుగా. నేనేం కోప్పడను. నా దగ్గర దాచొద్దు, అంతే. ఆ నొప్పి మాత్రల కోసం మంచం కింద దేవులాడుకున్నారే, ఆ రోజులు తలుచుకుంటే నాకిప్పటికీ వణుకొస్తుంది. మళ్ళీ అంత దూరం వెళ్ళిపోతారేమోనని..."

ఆమె కళ్ళు తుడుచుకుంది.

మైకు బెంబేలెత్తిపోయి నోరు బార్లా తెరిచేశాడు. అత్తగారు నవ్వు మానేసి టార్చిలైటు పట్టుకొచ్చింది. మైకు నాలుక పైకెత్తాడు. కింద ఏమీ లేదు. బుగ్గల్లో వెతికారు, దవడల వెనక వెతికారు. అరిగిన పళ్ళు తప్ప ఇంకేమీ కనపళ్ళేదు.

"కరిగిపోయిందా?" అంది భార్య.

"అసలేం పెట్టుకోలేదే! ఒట్టు!"

"మరి ఇంతసేపూ ఎందుకు మూసుకున్నారు?"

"తెరిస్తే మళ్ళీ మూయగలనా? డాక్టరుగారు మానమన్నది మాత్రని. పొద్దున్నే నీ కబుర్లు వినడం మానమన్లేదుగా!"