దీపాలవేళ ఆగే మగ్గాలు

కిటికీ మూయాలని జమాల్ బీ. తీసి ఉంచాలని దాదాపీర్.

"ఉక్కపోతకి ప్రాణం పోతోంది. గాలి వీధిలోంచి కాక ఇంకెక్కడ నుంచి వస్తుంది?" అన్నాడతను రెక్క తోస్తూ.

"గాలితో పాటు కళ్ళు కూడా వస్తాయి," అంటూ ఆమె మళ్ళీ మూసింది.

"ఎవరి కళ్ళు?"

"అందరివీ."

రెక్క మరోసారి టపామన్నాక కూతురు ఆస్మా వచ్చింది. కిటికీ సగం తెరిచి, సందులో దువ్వెన అడ్డం పెట్టి వెళ్ళిపోయింది. ఇద్దరూ ఓడిపోయినట్టు ఊరుకున్నారు.

ఆ సాయంత్రమే హైస్కూల్లో ఆస్మాకి సన్మానం. టెన్త్‌లో స్కూలు ఫస్టు వచ్చింది. ఇల్లంతా పండగలా ఉండాల్సిన రోజు. జమాల్ బీ మనసు మాత్రం వీధి మీదే ఉంది. సభకి వీధి వీధంతా కదిలి వస్తుందట. ఎందుకు?

దాదాపీర్ ఆర్టీసీలో మెకానిక్. కిందటేడు విజయవాడ నుంచి బందరు డిపోకి బదిలీ అయితే, పెడనలో నేతవాళ్ళ వీధిలో ఇల్లు దొరికింది. ఆ వీధిలో ముస్లింల ఇల్లు వీళ్ళదొక్కటే. వచ్చిన కొత్తలో అందరూ బాగానే పలకరించారు. దసరా సెలవులు అయ్యాక ఏమైందో ఏమో, మనుషులు మారిపోయారు.

పగలంతా టకటకలాడే మగ్గాలు సరిగ్గా దీపాలు పెట్టే వేళకి ఒక్కొక్కటే ఆగిపోయేవి. అరుగుల మీద జనం గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. జమాల్ బీ గడపలోకి వస్తే ఆ గుసగుసలు కూడా వినపడేవి కావు.

ఒకసారి కుళాయి దగ్గర పక్కింటి సంపూర్ణమ్మని అడిగేసింది. "సందె పడగానే మగ్గం ఆపేస్తున్నారేంటండీ?"

"చీకట్లో పోగు కంటికి ఆనదండీ అక్కయ్యగారూ," అందామె బిందె సర్దుకుంటూ.

మగ్గం గుంట మీద బల్బు వేలాడుతూ ఉండటం జమాల్ బీ రోజూ చూస్తూనే ఉంది.

అంతటితో పోలేదు. తెల్లవారకముందే గోడ అవతల మగ్గం మొదలయ్యేది. నిద్ర చెడగొట్టడానికి కాకపోతే ఆ వేళప్పుడు నేత ఏమిటి? సంపూర్ణమ్మ భర్త వీరభద్రయ్య, గోళీలాడే పిల్లల్ని "ఆ ఇంటి ముందు కాదురా, అటు పోండి" అని తరిమేవాడు. ఆఖరికి రామమందిరం మైకు గొట్టాన్ని కూడా వీళ్ళింటి వైపు నుంచి కాలవ వైపుకి తిప్పారు.

"దేవుడి పాట కూడా మన చెవిన పడకూడదా?" అంది భర్తతో.

"గోల తగ్గినందుకు సంతోషించక. నీ అనుమానానికి మందు లేదు," అన్నాడు దాదాపీర్.

జమాల్ బీ కూడా తక్కువేం తినలేదు. వీధంతా సద్దుమణిగాక ఆమె కుట్టుమిషను ఒక్కటే మోగేది. కుట్టడానికి జాకెట్లు లేకపోయినా, పాత గుడ్డలు పెట్టి మరీ తొక్కేది. ఆ చప్పుడులోనే పెరిగిన ఆస్మా ఏమీ అనేది కాదు.

పేపర్లో ఆస్మా నంబరు కనిపించిన రోజున సంపూర్ణమ్మ పరుగున వచ్చి, పిల్ల నోట్లో బెల్లంముక్క పెట్టి కళ్ళు తుడుచుకుంది. పక్కింటి పిల్ల పాసైతే ఏడవడానికి ఏముంది?

ఈద్గా దగ్గర ఇల్లొకటి చూసి పెట్టింది జమాల్ బీ. ఈ వీధిలో ఇంకో ఏడాది ఉండటం తన వల్ల కాదంది. "పిల్ల పరీక్షలు కానీ" అంటూ వచ్చిన దాదాపీర్, ఈ రాత్రికి తేల్చేస్తానన్నాడు.

సభలో ముందు వరసలన్నీ వీధివాళ్ళే. ఆస్మా పేరు పిలవగానే చప్పట్లు ఎంతకీ ఆగలేదు. సంపూర్ణమ్మ వేదికెక్కి, తమ మగ్గం మీద నేసిన దుపట్టా ఆస్మా భుజాల మీద కప్పింది. ఆ వీధిలో చీరలే గానీ దుపట్టాలు నేయరు. పనిగట్టుకుని నేశారన్నమాట. ఏం ఆశించి?

జమాల్ బీకి కారణం దొరికింది. సంపూర్ణమ్మ కూతురు సాయిశ్రీ తొమ్మిది పాసైంది. ఆస్మా పుస్తకాలు, గైడ్లు కావాలి. అదీ సంగతి.

అనుకున్నట్టే సాయిశ్రీ ఆస్మాని పక్కకి లాక్కెళ్ళి చెవిలో ఏదో చెప్పింది. ఆస్మా మొహం మారిపోయింది. ఇంటికి వచ్చే దారంతా దుపట్టా అంచు వేలికి చుట్టుకుంటూ నడిచింది. 

భోజనాల దగ్గర దాదాపీర్ గొంతు సవరించుకున్నాడు. "ఈద్గా దగ్గర ఇంటివాళ్ళకి రేపు మాట ఇవ్వాలి. నువ్వేమంటావు బేటీ?"

"దాన్నేం అడుగుతారు," అంది జమాల్ బీ కూర వడ్డిస్తూ. "ముందు ఆ సాయిశ్రీ చెవిలో ఏం ఊదిందో చెప్పమనండి. పుస్తకాలేగా?"

"పుస్తకాలు కాదు అమ్మీ. ఫలితాలు వచ్చేదాకా మన ఇంట్లో ఎవరికీ తెలియనివ్వకూడదని అనుకున్నారట. ముందే తెలిస్తే నాకు దిష్టి తగులుతుందట."

జమాల్ బీ చేతిలో గరిటె ఆగింది. "ఏం తెలియనివ్వకూడదు?"

ఆస్మా లేచి వెళ్ళి, దువ్వెన తీసేసి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది.

"మనం ఇల్లు మారడం లేదు అబ్బాజాన్, ఈ ఏడు టెన్త్ సాయిశ్రీది, దీపాలవేళకి ఆగాల్సిన వంతు ఈసారి మగ్గాలతో పాటు అమ్మీ మిషనుది కూడా."