మసకబారిన కుటుంబం

“అకౌంటెంటు మానేసింది. మొహం బ్లర్ చేసెయ్,” అన్నాడు మా బాస్, నా కుర్చీ వెనక నిలబడి.

మా కంపెనీ వెబ్‌సైటు తెరవగానే సిబ్బంది ఫొటో, దాని మీద ‘మేమంతా ఒకే కుటుంబం’ అన్న పెద్దక్షరాలు కనిపిస్తాయి. ఎవరు మానేసినా వాళ్ల ముఖం వరకే గుండ్రంగా మసక పులమడం వెబ్ డిజైనర్‌గా నా పని. మనిషిని మొత్తం తీసేస్తే ఫొటో పళ్లూడిన నోరులా ఉంటుందని ఆయన బెంగ.

అకౌంటెంటు కూడా మసకబారాక, మధ్యలో ఆయన, చివర నేను మిగిలాం.

“కొత్త ఫొటో తీయించుకుందాం సార్.”

“ఇందులో వేసుకున్న కోటు ఇప్పుడు నాకు పట్టదు.”

“అయితే నా మొహం కూడా బ్లర్ చేసేస్తాను సార్. నేనూ మానేస్తున్నా.”

ఆయన తొణకలేదు, బెణకలేదు. “సరే, శుభ్రంగా చేసి వెళ్లు. నేను మాత్రం తళతళలాడాలి.”

చేశాను. ఆయన నవ్వుకి ఇంకాస్త మెరుగు కూడా పెట్టాను. తెర చూసి మురిసిపోయాడు. “చూశావా, ఇప్పుడు చూపు తిన్నగా నామీదే పడుతోంది!”

అంతలో ఫోన్ మోగింది. మాకు కొత్తగా పని ఇద్దామనుకుంటున్న పెద్దాయన. మమ్మల్నెవరినీ ఇంకా చూడలేదు, సైటే ముందేసుకుని కూర్చున్నాడట. పొగడ్త నేనూ వినాలని బాస్ స్పీకర్ పెట్టాడు.

“అయ్యో, అందరూ ఒకే కుటుంబమటగా! పాపం, వాళ్ల మొహాలు కనబడకుండా దాచి మంచిపని చేశారండీ. ఇంతకీ ఆ మధ్యలో పళ్లికిలిస్తున్నవాడు పోలీసులకి దొరికాడా?”