ఎదురింటి బాల్కనీ

జాలర్లు మరియమాతను భుజాలకెత్తుకుని మా వీధి మలుపు తిరిగారు. మాత వచ్చేవేళకు ప్రతి బాల్కనీకీ పెళ్లినాటి పట్టుదుప్పటి వేలాడాలి. అది మా రేవు ఆనవాయితీ. ఎదురింటి అసుంతా బాల్కనీ ఒక్కటే బోసిగా ఉంది.

“ఏమే, మాత కంటే గొప్పదానివైపోయావా? ఆ ఎర్ర దుప్పటి వెయ్యడానికి చేతులు రాలేదా?” అని అరిచాను.

“లేదు నా దగ్గర.”

“నేపుల్స్ బజార్లో అమ్ముకు తిన్నావా? వీధి పరువు తీశావు కదే!”

అసుంతా కమ్మీ మీంచి ముందుకు వంగింది.

“నోరు ముయ్యి ఫిలొమేనా! నీ కొడుకు శవం ఒడ్డుకి కొట్టుకొచ్చిన రోజు నువ్వు వాడి మొహమే చూశావు. పైన కప్పిందేంటో చూళ్లేదు. దాంతోనే పూడ్చారు.”

మాత మా రెండిళ్ల మధ్యకు వచ్చేసరికి నా బాల్కనీ కూడా బోసిగానే ఉంది.