భీమరాజు మాస్టారి స్లైడ్లు

వరహాలక్ష్మి మొగుడు సూర్యప్రకాశానికి కాఫీ కలుపుకోవడం చేతకాదు గాని, పరాయివాళ్ల పాఠానికి తన పేరు తగిలించుకోవడం చిటికెలో పని. కాలేజీలో తనతో పనిచేసి కిందటేడు పోయిన భీమరాజు మాస్టారు కంప్యూటర్లో స్లైడ్లతో రికార్డు చేసిన పాఠంలోంచి, మొదటి స్లైడు మీది ఆయన పేరూ, పాఠం చెప్పే గొంతూ తీసేసి తనవి పెట్టుకున్నాడు. రేపు తనిఖీవాళ్లు మెచ్చుకుంటే ప్రమోషను.

“పాపం కాదూ, ఏవండీ?”

“పోయినాయనకి పేరెందుకే?”

అంతలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. కంప్యూటరు ఆగలేదు. వాళ్లింట్లో యూపీఎస్ లేదు. పాఠం తనంతట తానే మొదలైంది. చీకట్లో ఎవరో దగ్గి, గొంతు సవరించుకున్నారు.

“ప్రకాశం గారూ, మొదటి స్లైడు మళ్లీ ఓసారి వేస్తారాండీ?”

భీమరాజు మాస్టారి గొంతే. అదే మర్యాద.

సూర్యప్రకాశం కుర్చీలోంచి లేచి, చేతులు కట్టుకు నిలబడ్డాడు.

“తప్పు నాదేనండి మాస్టారూ! ఇందులో ఒక్క స్లైడూ నేను చెయ్యలేదండి!”